మజ్జిగ గ్లాసులు

ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణలో నేను నడవలేదు. మాధవధార దగ్గర మజ్జిగ పంచేవాళ్లతో నిలబడ్డాను. 32 కిలోమీటర్లు నడిచే జనం కదా, గ్లాసు అందుకుని మన మొహమైనా చూడకుండా వెళ్లిపోతారు. గంటకే నాకు చిరాకు. ఒక్కరూ థాంక్స్ అనరేంటి? పక్కనున్న పెద్దాయన మాత్రం "తాగమ్మా, తాగు నాన్నా" అంటూ పంచుతూనే ఉన్నారు.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకంలో మనకు గుర్తుండేది "కర్మణ్యేవాధికారస్తే" ఒక్కటే. చివర "మా తే సంగోఽస్త్వకర్మణి" అని కూడా ఉంది. పని మానేయడం మీదా మక్కువ వద్దని. నేనేమో సరిగ్గా అప్పుడే కాళ్ల నొప్పులని కూర్చోబోతున్నా!

"బాబూ, ఆ బకెట్ ఇటు జరుపు" అన్నారాయన.

జరిపాను. రాత్రి రెండింటికి మజ్జిగ అయిపోయింది. ఇక రోడ్డు మీద గ్లాసులు ఏరాలి.