వ్యాపారం పాఠం అంగడిలో మొదలుపెడదాం

బడిలో వ్యాపారం నేర్పాలంటే చాలామంది పెద్ద కంపెనీ యజమానుల కథలు చెబుతారు. పాలమూరు, నల్లగొండ పల్లెల పిల్లలకు అంతకంటే మంచి పాఠం ఊరి వారపు అంగడిలోనే దొరుకుతుంది. తొమ్మిదో తరగతికి ఐదు వారాలు చాలు.

మొదటి వారం అంగడిలో అమ్మేవాళ్లను అడగడమే పని. ఐదుగురు ఒక జట్టు. సరుకు ఎక్కడ కొన్నారు, బండి కిరాయి ఎంత, తైబజారు (అంగడిలో కూర్చున్నందుకు కట్టే రుసుము) ఎంత కట్టారు, అమ్ముడుపోనిది ఏం చేస్తారు? చివరి ప్రశ్న వదలొద్దు. పండిన సీతాఫలం ఒకటి రెండు రోజులే ఆగుతుంది, పల్లీలు నెలలు ఆగుతాయి. సాయంత్రమయ్యేసరికి ఎవరు ధర తగ్గించక తప్పదో అక్కడే తెలిసిపోతుంది.

రెండో వారమంతా లెక్కలు. పల్లిపట్టీ తీసుకుందాం, ధరలు మాత్రం మీ ఊరివి వేసుకోండి. కిలో పల్లీలు 140 రూపాయలు, 800 గ్రాముల బెల్లం 48. పొట్టు, ముక్కలు పోగా 25 గ్రాముల పట్టీలు 60 వస్తే, ఐదేసి రూపాయలకు 300. పిల్లలు వెంటనే 112 లాభమంటారు. గ్యాస్ 20, కాగితం 30, ఆటో 40 కలిపితే మిగిలేది 22. ముగ్గురు రెండేసి గంటలు చేసిన పనికి గంటకు 20 చొప్పున కూలి వేస్తే 98 నష్టం. ఈ కూలి వరుస లేని లెక్కను టీచరు ఒప్పుకోవద్దు. మన మగ్గాల ఇళ్లలో ఆడవాళ్లు చేసే ఎంతో పని ఏ లెక్కలోనూ ఎక్కదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, తల్లి పడే నొప్పి చూసే ఆ పని చేసే యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఇంట్లో ఎవరి కష్టం లెక్కకు రావడం లేదో వెతికిన జట్టుకు సరుకు ఆలోచన దానంతటదే వస్తుంది.

మూడో వారం 20 పట్టీలే చేసి చూడాలి. పాకం పని పెద్దవాళ్లదే. నీళ్లలో వేసిన చుక్క టక్కున విరగాలి; సాగితే పట్టీ పళ్లకు అంటుకుంటుంది. నాలుగో వారం బడి ఆవరణలోనే అమ్మకం.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 11, 12 తరగతుల వాళ్లకు వ్యాపారం చేసి చూడమని తలా 2,000 రూపాయల దాకా పెట్టుబడి ఇచ్చారు. ఇక్కడ జట్టుకు 400 చాలు. నష్టమొస్తే తల్లిదండ్రులను అడగబోమని ముందే చెప్పాలి, లేకుంటే పిల్లలు లెక్కలు దాస్తారు. ఆడపిల్లలకు పొయ్యి, మగపిల్లలకు గల్లాపెట్టె అప్పగించడం అన్నిచోట్లా జరిగేదే; పనులు వారం వారం మార్చండి.

ఐదో వారం మార్కులు లెక్కల పుస్తకానికే. నష్టపోయి, ఎందుకు పోయిందో చూపగలిగిన జట్టుకు, అమ్మ చేసిచ్చిన పట్టీలు అమ్మి లాభం చూపిన జట్టుకంటే ఎక్కువ రావాలి.