సమోసా ఇంజన్

"పిస్టన్ పట్టేసిందన్నా, బోరు చేయించాల్సిందే" అంటూ మెకానిక్ కుర్రాడు గీతలు పడ్డ సిలిండర్ నా ముందు పెట్టాడు. ఒంగోలు కర్నూల్ రోడ్డు, మిట్టమధ్యాహ్నం. ఆయిల్ చూసుకోకుండా బండి తిప్పింది నేనే కాబట్టి నోరెత్తలేదు.

అసలు పిస్టనే లేని ఇంజన్ ఉంది, వాంకెల్ రోటరీ అంటారు, తెలుసా అన్నాను. నమ్మలేదు. టీతో వచ్చిన ఉల్లి సమోసాను గిన్నెలో తిప్పి చూపించా. పిస్టన్ బదులు ఇలా తిరిగే మూడు మూలల రోటర్, గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం అన్నీ తిరుగుతూనే, వాల్వులుండవు, అది ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ మూడు చుట్లు. 1991లో జపాన్ కంపెనీ మాజ్దా ఈ రకం ఇంజన్‌తోనే లె మాన్స్ 24 గంటల కార్ల రేసు కొట్టింది!

వాడు సమోసా మూల గిల్లి, "ఇక్కడ అరిగిపోదా?" అన్నాడు. దాని రోగమే అది. మూలల్లో గాలి లీకవకుండా ఆపే సీళ్లు అరిగితే కంప్రెషన్, అంటే ఆ నొక్కుడు, పోద్ది, పైగా మామూలుగానే ఆయిల్ తాగుతుంది.

"అయితే నీకు పనికిరాదులే అన్నా" అని సమోసా తినేశాడు.