గబ్బిలాల దారిలో మా ఇల్లు

సెప్టెంబరు, శనివారం. టూసాన్, అమెరికాలోని అరిజోనా.

బట్టలు మెషీన్లో వేసి పెరట్లోకి వెళ్ళేసరికి తేనెపిట్టల్లాంటి హమ్మింగ్‌బర్డుల కోసం వేలాడదీసిన పంచదార నీళ్ళ సీసా అడుగంటి ఉంది. నిన్న సాయంత్రమే నిండా పోశాను, ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు. కింద గచ్చు మీద పుప్పొడి రంగు మరకలు. గబ్బిలాలు వచ్చేశాయన్నమాట! పొద్దంతా ఆ సంతోషంతోనే గడిచింది.

రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేస్తే మొదట అదే చెప్పాను. "గబ్బిలాలా? చీకటి పడకముందే తలుపులు వేసుకోవే" అంది. ఇవి మన ఊరి మర్రిచెట్టుకి వేలాడేవంత పెద్దవి కావనీ, పాతిక గ్రాములుంటాయేమో అనీ, పూలలో తేనె తాగి బతుకుతాయనీ చెప్పాను. "మరి ఉండేదెక్కడ?" అని అడిగింది. ఒక ఊరి పేరు చెప్పి ఊరుకుందామంటే కుదరదు.

లెస్సర్ లాంగ్-నోజ్డ్ బ్యాట్ అంటారు వీటిని. పుస్తకాల్లో పటం చూస్తే మధ్య అమెరికా నుంచి మెక్సికో మీదుగా మా దక్షిణ అరిజోనా దాకా ఒకటే రంగు పూసి ఉంటుంది. నాకు ఆ పటం నచ్చదు. ఆ రంగున్న చోటల్లా ఏడాది పొడుగునా గబ్బిలాలుండవు, పూలున్నప్పుడే ఉంటాయి. చలికాలంలో పడమటి మెక్సికోలోని హలిస్కో వైపు గుహల్లో జతకడతాయి. కడుపుతో ఉన్న ఆడవి వసంతంలో ఉత్తరానికి బయల్దేరి సరిహద్దుకి రెండు వైపులా ఉన్న సొనోరా ఎడారి చేరేసరికి సగువారో అనే నిలువెత్తు జెముళ్ళు పూతకొస్తాయి. ఆ తెల్లటి పువ్వు విచ్చుకునేది పొద్దుగూకాకే. ఆ ఎడారిలోనే, మెక్సికో వైపున్న పినకాతే గుహలో లక్షకు పైగా తల్లులు చేరతాయి, ఒక్కోదానికి ఒక్కటే పిల్ల. మేత కోసం రాత్రికి వంద కిలోమీటర్ల దాకా ఎగిరొస్తాయట. పాలిచ్చే తల్లి అంత దూరం వెళ్ళి రావడం తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. జెముడు పళ్ళు అయిపోయాక తూర్పున కొండవాలుల్లో కిత్తలి పూస్తుంది, అటు వెళ్తాయి. తిరిగి దక్షిణానికి మళ్ళే ముందు మా పెరళ్ళలో ఈ పంచదార నీళ్ళు.

మధ్యాహ్నం స్నేహితుల ఇంట్లో భోజనాలు. ఎవరో టెకీలా అనే మెక్సికో మద్యం తెచ్చారు. అది నీలి కిత్తలి దుంప నుంచి తీసేదే. తీపి దుంపలోనే ఉండిపోవాలని పూకాడ రాగానే కొట్టేస్తారు, ఇక గబ్బిలానికి మిగిలేదేముంది? నూటికి అయిదు మొక్కల్ని పూయనిచ్చే రైతుల సరుకు మీద 'బ్యాట్ ఫ్రెండ్లీ' ముద్ర ఉంటుంది, ఈసారి అది చూసి కొనమన్నాను. పిల్లలు మాత్రం శ్రద్ధగా విన్నారు. రక్తం తాగే గబ్బిలాలనుకుని మెక్సికోలో కొన్ని గుహలకు నిప్పు పెట్టిన సంగతి చెబితే ఒక పాప కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అయినా ఇది నిలిచిన కథ. 1988లో అమెరికా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చేనాటికి లెక్కకొచ్చినవి వెయ్యి లోపే. పాత గనుల నోళ్ళు మూసెయ్యకుండా, మనుషులు దూరకుండా గబ్బిలాలు మాత్రం పోగలిగేలా చువ్వలు బిగించారు, రెండు దేశాల్లోనూ స్థావరాలు కాపాడారు. 2018లో జాబితా నుంచి తీసేసేసరికి రెండు లక్షల దాకా ఉన్నాయి. కోలుకున్నందుకు అమెరికా జాబితాలోంచి తీసేసిన మొదటి గబ్బిలం ఇదే.

రాత్రి దీపాలార్పి ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. ఒకదాని వెనక ఒకటి వచ్చి, రెప్పపాటు ఆగి, నాలుక ముంచి వెళ్ళిపోయాయి. ముఖానికి రెక్కల గాలి తగిలింది. సీసా నీళ్ళు వాటికి పైమేతే. అసలు కావలసింది పూలు. గోడ వారన ఇక్కడి కొండల కిత్తలి ఒకటి పెడదామన్నాను. అది పూతకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టవచ్చు, అప్పటికి ఈ ఇంట్లో మనం ఉంటామా అన్నారు ఆయన. ఎవరున్నా పూస్తుంది కదా అన్నాను. సోమవారం నర్సరీకి ఫోన్ చెయ్యాలి.