ఆదివారం దాకా ఆగే కూరలు, ఆగని కూరలు

మొయినాబాద్ దాటాక, మెయిన్ రోడ్డుకి కాస్త లోపల, అర గుంట నేల అద్దెకు తీసుకుని ఈ వానాకాలమంతా కూరగాయలు పండించాను. అర గుంట అంటే దాదాపు 60 గజాలు. హైదరాబాద్‌లో గజం అనే మాట వినగానే రేటెంత అని అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, కొనలేదు. పొలం వాళ్లే దున్ని, మట్టిని వరసలుగా ఎత్తి బోదెలు తోలి, పశువుల ఎరువు వేసి, డ్రిప్పు పైపులు పరిచి ఇస్తారు, వారం మధ్యలో నీళ్లు కూడా వాళ్లే వదులుతారు. విత్తనం, కలుపు, కోత మనవి. సిటీకి ఇంత దగ్గర్లో ఇంకా నాగలి తిరిగే నేల మిగిలిందంటే చాలావరకు 1996 నాటి 111 జీవో పుణ్యమే, గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి వచ్చే నీళ్లు పాడవకుండా 84 గ్రామాల్లో నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది కదా, అలా మిగిలిన పొలాల్లోనే ఇప్పుడు మనలాంటి అపార్ట్‌మెంట్ జనం పార పట్టుకుని ఫొటోలు దిగుతున్నాం.

మొదటిసారి వేసేవాళ్లకి అందరూ ఒకే సలహా ఇస్తారు, ఇంట్లో ఏం తింటారో అవే వేసుకోండి అని. ఒక సీజన్ అయ్యాక నేనైతే ఆ మాట చెప్పను. మీరు వారంలో ఎన్నిసార్లు వెళ్లగలరో ముందు చూసుకోండి, దాన్ని బట్టి ఏం వేయాలో తేల్చుకోండి. మేం ఆదివారం బ్యాచ్. శనివారం ఆఫీసు కాల్స్, పిల్లల క్లాసులు, మిగతా రోజుల్లో ఆ ట్రాఫిక్‌లో అంత దూరం వెళ్లొచ్చే ఓపిక ఎవరికీ లేదు.

బెండకాయే తీసుకోండి. నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం క్యూ కట్టే రోజుల్లో, అంటే మృగశిర కార్తెలో, మొదటి వాన పడగానే వేశాం. గింజలు రాత్రంతా నానబెట్టి, అడుగు ఎడంతో పెడితే వారం తిరిగేలోపే రెండేసి ఆకులతో లేచాయి. పల్లాకు తెగులును తట్టుకుంటుందని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక రకం వేశాను, పక్క ప్లాట్‌లో ఆకుల ఈనెలన్నీ పసుపెక్కిపోయినా మావి చాలావరకు పచ్చగానే నిలబడ్డాయి. అంతా బాగుంది. కానీ పువ్వు విచ్చుకున్న 5, 6 రోజులకే కాయ కోతకొచ్చేస్తుంది. సోమవారం పూసింది ఆదివారానికి సరిగ్గా సరిపోతుంది. అంతకుముందు శుక్రవారం పూసింది బుధవారానికే తయారైపోయి, మనం వెళ్లేసరికి జానెడు పొడవై, పీచు పట్టి ఉంటుంది. రైతుబజార్లో బెండకాయ తోక టక్కున విరిస్తే అమ్మేవాళ్లు కసురుకుంటారు చూడండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు, కానీ విరుద్దామన్నా అది విరగదు, వంగుతుంది. పోనీలే అని వదిలేద్దామంటే అదీ కుదరదు, ముదురు కాయలు చెట్టు మీద ఉంటే చెట్టు గింజ కట్టే పనిలో పడి కొత్త పూత తగ్గించేస్తుంది, కాబట్టి తినడానికి పనికిరాని వాటిని కూడా కోసి పారేయాలి. ఇంకో సంగతి, పొట్టి చేతుల టీషర్టుతో బెండ వరసల్లోకి దిగకండి. ఆకుల మీద నూగు ఉంటుంది. మోచేతుల దాకా ఒకటే దురద.

అదే బోదె మీద అవతలి సగం గోంగూర. బెండ, గోంగూర ఒకే కుటుంబం, పూలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు. ఒకటి మనల్ని పరుగులు పెట్టిస్తుంది, ఇంకోటి వారం కాదు కదా రెండు వారాలు వెళ్లకపోయినా ఏమీ అనుకోదు. మన పుంటికూర కదా, తలలు తుంచుకొస్తే పక్క నుంచి కొమ్మలు వేసి మళ్లీ రెడీగా ఉంటుంది. నాకు అక్కడే లెక్క అర్థమైంది. లేత కాయగా తినేది ఏదైనా ఆగదు. ఆకు కొంత ఆగుతుంది. దుంప ఇంకా ఆగుతుంది, చేమగడ్డ అయితే నెల అటూ ఇటూ అయినా నష్టం లేదు. గుమ్మడి ఎలాగూ ముదిరాకే కోస్తాం. పచ్చిమిర్చి మరీ మంచిది, ఆలస్యమైతే పండుమిర్చి అవుతుంది, పచ్చడి పెట్టుకోవచ్చు.

బీరకాయ కథ వేరే. పందిరి నిండా తీగ, తీగ నిండా మొగ్గలు, కాయలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మేం వెళ్లే టైముకి, అంటే పొద్దున ఏడూ ఎనిమిదింటికి, పూలన్నీ ముడుచుకుని ఉండేవి, తెగులేమో అనుకుని ఒకటే టెన్షన్. తీరా కనుక్కుంటే బీర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుందట. నేతిబీర అయితే పొద్దున్నే పూస్తుంది, మామూలు బీర మాత్రం ఎండ తగ్గాకే. ఒక ఆదివారం కావాలని సాయంత్రం దాకా ఉండిపోయాం. అయిదు దాటాక ఒక్కొక్కటీ విప్పుకోవడం మొదలైంది. గుత్తిగా, సన్నటి కాడ మీద వచ్చేవి మగపూలు, ఒంటరిగా, వెనకాల వేలెడంత గీతల పిందెతో వచ్చేది ఆడపువ్వు. మగపువ్వు ఒకటి తెంపి, రేకులు వెనక్కి మడిచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి, అంతే. ఆ సాయంత్రం అద్దిన వాటిలో చాలావరకు కాయలయ్యాయి. కాకపోతే పిందె పడగానే పండు ఈగ వాలుతుంది, తొక్క కింద గుడ్లు పెడుతుంది, పైన చిన్న జిగురు చుక్క కనిపించిందంటే లోపల పురుగు తిరుగుతున్నట్టే. పిందెకి పేపర్ సంచి కట్టడం ఒక్కటే నాకు పనిచేసింది. వేపనూనె కొట్టాం కానీ లోపల దూరిన పురుగుని అదేం చేస్తుంది?

కలుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్లనేల కాబట్టి వాన పడిన మర్నాడు అడుగు పెడితే చెప్పులకి రెండు కిలోల మట్టి, అది ఆరేదాకా కలుపు తీయలేం, ఆరేలోపు తుంగ జానెడు లేస్తుంది. తుంగని పైపైన పీకితే లాభం లేదు, కింద గడ్డలుంటాయి, బొరిగెతో తవ్వి గడ్డతో సహా తీయాలి. అక్కడ పనికి వచ్చే ఒక అవ్వ నా పక్కనే కూర్చుని తీస్తూ, నేను ఎర్ర కాడలతో నేలకి అంటుకుని పాకిన దాన్నొకటి లాగబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"గది పీకి పారెయ్యకు బిడ్డా. గంగవాయిలి కూర. పప్పుల ఏస్తే మస్తుంటది."

"ఇది ఎవరూ వేయలేదు కదా అవ్వా?"

"ఎయ్యకుండనే అచ్చింది. మంచిదే కదా మరి!"

మెహిదీపట్నం రైతుబజార్‌లో కట్టలు కట్టి అమ్మే గంగవాయిలినే నేను కలుపని పారేస్తున్నానన్నమాట. ఆ రోజు మేం ఇంటికి తీసుకెళ్లిన వాటిలో అన్నిటికంటే రుచిగా ఉన్నది అదే, పుల్లపుల్లగా, కందిపప్పులోకి. మిగతావాటికి విత్తనాలు, ఎరువులు, సేవలు. దీనికి ఏమీ లేదు.

వంకాయకి మాత్రం ఆదివారం సరిపోతుంది, ఒక షరతు మీద. వెళ్లగానే ముందు చిగుళ్లు చూడాలి. చెట్టంతా నిటారుగా ఉండి ఒక్క కొమ్మ చివర తల వాల్చేసి ఉంటే నీళ్లు చాల్లేదని అనుకోకండి, ఆ కొమ్మని వాడిన చోటికి కాస్త కింద కత్తిరించి, చీల్చి చూస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు ఉంటుంది. కొమ్మలో తినేసి తర్వాత కాయలోకి వెళ్లేది అదే. కత్తిరించిన కొమ్మలు అక్కడే పడేయకుండా దూరంగా తీసుకెళ్లి నాశనం చేయాలి. మా ఆయన ఈ పని బాగా చేస్తాడు, ఆఫీసులో కోడ్‌లో తప్పులు వెతికే మనిషి కాబట్టి కావొచ్చు.

మొక్కల మొదళ్లలో పోసే నాటు ఎరువు, జీవామృతం, దాని గురించి కొందరు మెసేజ్ చేసి అడిగారు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను, నీడలో రెండు రోజులు పెట్టి రోజూ కలపాలి. అక్కడ డ్రమ్ము రెడీగా ఉండేది, మగ్గుతో మొదళ్లలో పోసేవాళ్లం. ఆకుకూరల్లో తేడా కనిపించింది, టమాటాలో ఏమీ కనిపించలేదు, అసలు వానాకాలం టమాటా జోలికే మళ్లీ వెళ్లను, సగం చెట్లకి ఆకుముడత వచ్చింది, మిగతా సగం కాయలు వానకి పగిలిపోయాయి.

డబ్బు లెక్క ఒక్క ముక్కలో చెప్తా. అద్దె, పెట్రోలు, దారిలో టిఫిన్లు కలిపితే అదే కూర రైతుబజార్లో కొనడం ఎంతో చవక. డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి.

బెండకాయ సమస్యకి చివరికి అవ్వతోనే ఒప్పందం కుదిరింది. వారం మధ్యలో రోజు విడిచి రోజు ఆమె కోసుకుంటుంది, అవి ఆమెవే, ఆదివారం చెట్టు మీద ఉన్నవి మావి. అప్పటి నుంచి ముదురు కాయ కనిపించలేదు, పూత కూడా పెరిగింది. ఇప్పుడు బెండ పీకేశాం. ఆషాఢంలో వేసిన చిక్కుడు తీగ మాత్రం పందిరెక్కి ఇన్నాళ్లూ ఒక్క పువ్వు కూడా లేకుండా ఊరికే పెరుగుతూ ఉండింది, పగటి పొద్దు తగ్గితేనే పూస్తుందట, ఈ వారం మొదటి పూగుత్తులు కనిపించాయి. ఖాళీ అయిన బోదెల మీద క్యాబేజీ నారు, మెంతికూర, కొత్తిమీర వేశాం, ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి మరీ. క్యారెట్ కూడా వేశాం, ఎలాగూ ఆగుతుంది. ముల్లంగి ఒక్కటే నమ్మకం లేదు, దుంపే అయినా టైముకి తీయకపోతే బెండు పడుతుందని అవ్వ అంటోంది. అందుకే ఒక్క వరసే వేశాం.