నా రెండెకరాలను దున్నిన మనిషి

2020లో లాక్‌డౌన్ వచ్చి హైదరాబాదులోని ఆఫీసు మూతపడినప్పుడు నేను గోదావరి మధ్య డెల్టాలోని మా ఊరికి వచ్చాను. కొన్ని నెలలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేసి, ఆ తరువాత దాన్ని వదిలేసి, నాన్నగారికి ఉన్న రెండెకరాలనూ నేనే సాగు చేయాలని నిశ్చయించుకున్నాను. ఆ చేనును పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్నాయన్ని చిన్నప్పటి నుంచి బాబాయి అనే పిలుస్తాను. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక నాన్నగారు ఆయనకు కబురు చెప్పారు. ఆయన వాదించలేదు, గట్టు మీద ఉన్న తన పార తీసుకుని వెళ్లిపోయారు.

ఉద్యోగం పోయి వచ్చాడన్న గుసగుసలనూ, కుదరని పెళ్లి సంబంధాలనూ తట్టుకోవచ్చు. నేను టీకొట్టు దగ్గరకు వెళ్లగానే నలుగురూ మాటలు ఆపేయడం మాత్రం చాలా బాధించింది. మా చేను కాలువ శివారున ఉంది. పైచేల రైతులతో కలిసి బోదెలో, అంటే పొలాలకు నీరిచ్చే పిల్లకాలువలో, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగేస్తే తప్ప ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీరు మాదాకా రాదు. కాలువలకు నీరు ఆపేసిన రోజుల్లో ఆ పనికి వెళితే, సాగుకు సెంటు భూమి లేకపోయినా బాబాయి కూడా వచ్చారు. మోకాటిలోతు బురదలో నిలబడి, ఏ మలుపులో మట్టి పేరుకుంటుందో, ఏ తూము దగ్గర నీరు వృథాగా పోతుందో నాకు ఒక్కొక్కటే చూపించారు. ఊరు నాతో ఎందుకు మాట్లాడడం లేదో నాకు అప్పుడు అర్థమైంది.

మా వైపు పొలం ఒకరిది, సాగు మరొకరిది కావడం సర్వసాధారణం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల పత్రం రావాలన్నా యజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది ఆ సంతకం పెట్టరు. నాన్నగారూ పెట్టలేదు. ఆ పత్రం లేక బ్యాంకు అప్పు దొరకనందువల్ల బాబాయి పంట పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరే అప్పు తెచ్చుకున్నారు. చదువుకున్నవాళ్లు సేద్యానికి తిరిగి వస్తున్నారని అందరూ మెచ్చుకుంటారు గాని, అలా వచ్చినవాళ్ల కోసం చేను ఖాళీ చేసినవారి గురించి ఎవరూ అడగరు.

నాన్నగారిని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ సార్వాకు (ఖరీఫ్ పంటకు) ఒక ఎకరం బాబాయికి తిరిగి అప్పగించి, పత్రం మీద సంతకం చేయించాను. రెండో ఎకరంలో నేను స్వర్ణ రకం వరి వేశాను. ఆకుమడి పోయడం దగ్గర నుంచి ఊడ్పుల దాకా బాబాయే దగ్గరుండి చూసుకున్నారు. ఇప్పుడు గట్టు మీద ఎదురైతే, "ఏరా అబ్బాయ్, నీరు పెట్టావా?" అని అడుగుతారు. ఆయన చేయి జారిన ఆ ఎకరం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.