వీసా కన్నా వేలిముద్రలే ఏడిపించాయి

నిన్ననే వీసా చేతికొచ్చింది. ఇంగ్లండ్‌లో లెక్కల టీచరు ఉద్యోగం. ఏళ్ల తరబడి దేశాలు పట్టుకు తిరిగి, ఇక ఒకచోట కుదురుకుందామనుకునేవాళ్లకి దెబ్బ ఎక్కడ తగులుతుందో, ఒళ్లు మంట తగ్గకముందే రాసేస్తున్నా.

క్యూటీఎస్, అంటే ఇంగ్లండ్‌లో అర్హత ఉన్న టీచరన్న గుర్తింపు, సులువు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి లెక్కలు, సైన్సు, భాషల్లో ఏదో ఒకటి చెప్పే అర్హత ఉంటే 2023 ఫిబ్రవరి నుంచి మన దేశం టీచర్లూ నేరుగా అప్లై చేసుకోవచ్చు. డిగ్రీ, బీఎడ్, బీఎడ్ తర్వాతి బోధన అనుభవం, టీచరుగా మీ మీద ఏ ఆంక్షా లేదన్న లేఖ ఉండాలి. ఫీజు ఒక్క పైసా లేదు. పైసా లేని పనికి ప్యాకేజీ చెప్పే కన్సల్టెన్సీ దొరికితే మంచినీళ్లు తాగి లేచి వచ్చేయండి.

స్కూళ్లు రెజ్యూమె ఒక్కటే చూసి ఊరుకోవు, సొంత ఫారం నింపమంటాయి. అందులో ఖాళీ నెలలు వదిలేయకండి. పిల్లల భద్రత నిబంధనల ప్రకారం ప్రతి ఖాళీకీ లెక్క అడుగుతారు. ‘తిరిగాను’ అని రాసినా తప్పులేదు. ఏ దేశంలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది మాత్రం ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. స్కూల్లో చెప్పడానికి స్కిల్డ్ వర్కర్ వీసా అడిగితే, గత పదేళ్లలో మొత్తం 12 నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ కావాలి. ఈ ‘మొత్తం’ అన్నమాట దగ్గరే కాళ్లు జారేది. థాయ్‌లాండ్‌లో ఒకసారి 5 నెలలు, ఇంకోసారి 4, మరోసారి 4 ఉంటే 13 అయింది, సర్టిఫికెట్ పడింది. పాస్‌పోర్టు స్టాంపులు ముందేసుకుని వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ కాగితం మీద కూడండి. విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు స్కాన్ చేసి పంపే ఈ-గేటు స్టాంపు వేయదు కాబట్టి టికెట్ల ఈమెయిళ్లు తవ్వాలి.

మన దేశపు పోలీసు సర్టిఫికెట్ (పీసీసీ) పాస్‌పోర్టు సేవలో 500 రూపాయలతో అయిపోతుంది. బయటి దేశాలవే వేలిముద్రలడుగుతాయి. ఆ వేలిముద్రల ఫారం పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న, ‘‘ఏం కేసు?’’ ఏ కేసూ లేదని రాయించుకోవడానికే వచ్చానంటే బెంచీ మీద కూర్చోమన్నారు. మూడు గంటలు. ఏళ్ల తరబడి పిల్లల్ని బెంచీ ఎక్కించినందుకు ఇది వడ్డీ అనుకున్నా.

వాళ్లు వాడింది ఆఫీసు స్టాంపు ప్యాడ్. ఆ సిరా పలచన, కాగితంలో పాకి గీతల్ని కలిపేస్తుంది. ఆ ముద్రలు వెనక్కొచ్చాయి. రెండోసారి చిక్కటి నల్ల ప్రింటింగ్ ఇంకు, చిన్న అద్దం ముక్క, రోలరు నేనే తీసుకెళ్లా. ఇంకు బొట్టంత వేసి, అద్దం మీద సన్నగా పరవాలి. చేతులు సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే వేలు పెట్టాలి. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కసారే దొర్లించాలి. బొటనవేలు ఒంటివైపు, మిగతా వేళ్లు బయటివైపు. వెనక్కి దొర్లిస్తే ముద్ర మీద ముద్ర పడి పాడవుతుంది. కింది గళ్లలో నాలుగు వేళ్లూ కలిపి, దొర్లించకుండా అదమాలి. కుడి, ఎడమ తారుమారైతే మొత్తం మళ్లీ మొదటికే. మూడు ఫారాలు నింపించుకుని, అధికారి సంతకం, హోదా, సీలు అన్నిటి మీదా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ‘‘రేపొచ్చి వేయించుకోండి’’ అంటే కదలకండి.

జపాన్ సర్టిఫికెట్ అంటించిన కవర్లో వస్తుంది. మీరు తెరిస్తే చెల్లదు. ఎవరు తెరవాలో ముందే అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఇంగ్లిష్‌లో లేనివాటికి అనువాదం కావాలి, దాని మీద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, కాంటాక్టు వివరాలు, అనువాదం సరైందన్న వాక్యం ఉండాలి. ఏదైనా దేశం ఎంతకీ ఇవ్వకపోతే పంపిన ప్రతి ఈమెయిలూ దాచి, ఎందుకు తేలేకపోయారో వివరంగా రాసి పెట్టండి.

ఇంకా తిరుగుతున్నవాళ్లు ఆ దేశం వదిలే వారంలోనే సర్టిఫికెట్ తీసేసుకోండి, వేళ్లు అక్కడే ఉంటాయి కదా. వీసాకి అడిగే టీబీ ఎక్స్‌రే మాత్రం తొందరపడి తీయించకండి. దాని సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, స్టేషన్ బెంచీ మీదే సగం అయిపోతుంది.