నాచు తినని బ్యాక్టీరియాకు నాచు తినిపించడం: నా పీహెచ్‌డీ అనుభవం

గోధుమరంగు సముద్రపు నాచులో ముఖ్యమైన పిండిపదార్థాలు ఆల్జినేట్, మానిటాల్, లామినారిన్. ఈ నాచును ఈ-కోలై అనే బ్యాక్టీరియాకు తినిపించి ఇథనాల్ (ఇంధనంగా వాడే ఆల్కహాల్) తీయించడమే మా పని. మానిటాల్ ఇస్తే ఈ-కోలై హాయిగా తింటుంది, ఆల్జినేట్‌ను మాత్రం ముట్టదు. 2012లో అమెరికాలో బయో ఆర్కిటెక్చర్ ల్యాబ్ వాళ్లు విబ్రియో స్ప్లెండిడస్ అనే సముద్రపు బ్యాక్టీరియా నుంచి ఆల్జినేట్‌ను అరిగించుకునే జీన్లున్న, సుమారు 36 వేల బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల) పొడవున్న డీఎన్ఏ ముక్క తెచ్చి ఈ-కోలైలో పెట్టారు. ఆల్జినేట్‌ను కోసే ఎంజైమ్ కణం బయటికి వచ్చేలా కూడా చేశారు. ఆల్జినేట్ అంత పెద్ద అణువు కణం పొర దాటి లోపలికి దూరదు మరి. మేం పట్టుకున్నదీ ఆ దారే.

బయోసేఫ్టీ కమిటీ అనుమతి, క్లోనింగ్ (ఆ జీన్లను ఈ-కోలైలోకి ఎక్కించడం) అనుకున్నట్టే నడిచాయి. ఆల్జినేట్ ప్లేట్ల మీద సీటైల్ పిరిడినియం క్లోరైడ్ (ఆల్జినేట్‌ను తెల్లగా గడ్డకట్టించే రసాయనం) పోస్తే ప్లేటంతా తెల్లబడి, ఎంజైమ్ వదిలిన కాలనీల చుట్టూ మాత్రం తేటగా వలయాలు కనిపించాయి. నన్ను ఏడిపించింది ఆల్జినేట్ జిగురే. కాస్త చిక్కగా కలిపితే పిపెట్ పీల్చదు, షేకర్‌లో ఫ్లాస్కు తిరిగినా లోపలిది సరిగ్గా కలవదు. పైగా తమిళనాడు తీరంలోని మండపం ఊరి నుంచి వచ్చిన సర్గాసం అనే గోధుమరంగు నాచు ఎంత కడిగినా ఉప్పు వదలదు, ఈ-కోలైకేమో ఆ ఉప్పు గిట్టదు.

అసలు చిక్కు గాలి ఆడకుండా మూసిన ఫ్లాస్కుల్లో వచ్చింది. శుద్ధమైన ఆల్జినేట్ ఒక్కటే ఇస్తే కణాలు తింటున్నాయి గానీ ఇథనాల్ అంతంత మాత్రం. హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలో ఏ పదార్థం ఎంతుందో గ్రాఫుగా చూపే యంత్రంలో) మాకు అక్కర్లేని అసిటేట్ శిఖరమే పెద్దది. "జీన్లు బాగానే ఉన్నాయమ్మా, ఎన్ఏడీహెచ్ లెక్క వెయ్యి," అన్నారు మా గైడ్ మేడం. వేశాను. ఎన్ఏడీహెచ్ అంటే కణంలో ఎలక్ట్రాన్లు మోసే అణువు; ఇథనాల్ చేయడానికి అది కావాలి, చాలకపోతే తిన్నది అసిటేట్ వైపు మళ్లుతుంది. ఒక ఆల్జినేట్ యూనిట్ (ఆల్జినేట్ గొలుసులో ఒక చక్కెర లంకె) నుంచి ఇథనాల్‌కు ముందు మెట్టైన పైరువేట్‌లు రెండు వస్తాయి, వాటిని ఇథనాల్ చేయడానికి రెండు ఎన్ఏడీహెచ్‌లు కావాలి. కానీ ఆ దారిలో ఒకటి ఖర్చై ఒకటి పుడుతుంది, మిగిలేది సున్నా. మానిటాల్‌ది ఎదురు లెక్క: తన వాటా ఇథనాల్ చేశాక కూడా ఒకటి మిగులుతుంది. అంటే స్థూలంగా రెండు మానిటాల్‌లు ఒక ఆల్జినేట్ యూనిట్ అప్పు తీరుస్తాయి.

మానిటాల్ కలిపాక ఇథనాల్ పెరిగింది, అసిటేట్ తగ్గింది. కాగితం మీద వేసిన లెక్కను కణాలు ఇంత బుద్ధిగా పాటించడం నాకైతే క్లోనింగ్ కన్నా పెద్ద సంతోషం.

అయితే నాచులో మానిటాల్ కాలాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇప్పుడు నాచు పొడి కొత్త బస్తా రాగానే ముందు మానిటాల్ కొలుస్తాం. తక్కువుంటే ఆ పొడిని ఇథనాల్‌కు వాడం, ఎంజైమ్ పరీక్షలకు పక్కన పెట్టేస్తాం.